ముందు పగులు, తరువాత తుఫాను

ఓడలెందుకు దెబ్బతింటాయని ఎవరినడిగినా తుఫాను వల్లనే అంటారు. చరిత్ర పుస్తకాలూ అంతే. గాలివాన ఏ రోజున వచ్చిందో, ఎన్ని ఓడలు పోయాయో రాస్తాయి గాని, ఆ గాలివానకు చాలా ముందే ఒక ఇనుప పట్టీలో వెంట్రుకంత పగులు పుట్టిందనీ, దాన్ని ఎవరూ చూడలేదనీ రాయవు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ పగులు చరిత్రే. ఇందులో మన గోదావరి తీరమూ వున్నది, ఇప్పుడు మనం వుంటున్న అమెరికా తీరమూ వున్నది. వైద్యవృత్తిలో వున్నవాళ్ళం కనుక అక్కడక్కడ ఎముకల ప్రసక్తి వస్తే పాఠకులు మన్నించాలి.

తెరచాప కొయ్యను నిలబెట్టేది ఏమిటి?

తెరచాప ఓడను చూస్తే నిటారుగా నిలబడ్డ కొయ్యదే బలమంతా అనిపిస్తుంది. నిజానికి ఆ కొయ్య తనంత తాను నిలబడలేదు. వెన్నెముకను రెండు పక్కలా కండరాలు పట్టుకున్నట్లు, కొయ్యను ముందునుంచీ, వెనుకనుంచీ, రెండు పక్కలనుంచీ తాళ్ళు లాగి పట్టుకుంటాయి. గాలి తెరచాపను తోస్తే ఆ తోపుడంతా తాళ్ళలోకి, తాళ్ళలోంచి ఓడ పక్కలకు దిగుతుంది. ఓడ కదిలేది అందువల్లనే.

ఈ తాళ్ళు ఓడను కలిసే చోటే అసలు కథ వున్నది. పాత ఓడల్లో జనపనార మోకుకు కీలు పూసి, దాని చివర మూడు కన్నాలున్న గుండ్రటి చెక్క దిమ్మ కట్టేవారు. అలాంటిదే మరొక దిమ్మను ఇనుప పట్టీతో ఓడ పక్కకు బిగించేవారు. రెండు దిమ్మల మధ్యా సన్నతాడు అల్లి లాగితే మోకు బిగుసుకునేది. నేటి పడవల్లో మోకు బదులు ఉక్కు తీగ, దిమ్మల బదులు తిప్పి బిగించే టర్న్‌బకిల్, దానికింద ఒక పిన్ను, పిన్ను కింద పడవ గోడకు బోల్టులతో బిగించిన ఉక్కు పట్టీ వుంటాయి. ఆ పట్టీని ఇక్కడివారు చెయిన్‌ప్లేట్ అంటారు. పావు అంగుళం మందం గల తీగ ఏడెనిమిదివేల పౌన్ల లాగుడు తట్టుకుంటుంది. కాని దాన్ని పట్టుకున్న పిన్ను జారినా, పట్టీ చీలినా ఆ బలమంతా ఎందుకూ పనికిరాదు.

మన తీరంలో ఈ విద్య

ఈ విద్య మనకు కొత్తది కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణేలమీద రెండు కొయ్యల ఓడ బొమ్మ వున్నదని మనం బడిలో చదువుకున్నదే. కాకతి గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం మరొక సాక్ష్యం. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారట. తాను అలా చెయ్యననీ, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాననీ గణపతిదేవుడు వర్తకులకు మాట ఇచ్చాడు. విరిగిన ఓడలోని సరుకు ఎవరికి చెందాలనే దానికి ఒక శాసనమే కావలసి వచ్చిందంటే, ఆ తీరంలో ఓడలు విరగటం ఎంత మామూలో ఊహించుకోవచ్చు.

పదిహేడో శతాబ్దంలో నరసాపురం, మాధవాయపాలెం ప్రాంతం ఓడల నిర్మాణానికి పేరు మోసింది. 1669–79 మధ్య బంగాళాఖాతం తీరాలన్నీ తిరిగిన థామస్ బౌరీ అనే ఆంగ్ల నావికుడు అక్కడి కలప మేలైనదనీ, ఇనుము దొరుకుతుందనీ, పనివాళ్ళు సమర్థులనీ, ఆంగ్ల వర్తకులు అక్కడ ఓడలు కట్టించుకుంటున్నారనీ రాసిపెట్టాడు.

తరువాత వంతు కోరంగిది. గోదావరి పాయ ముఖాన, కెరటాల తాకిడి లేని చోట వుండటం దాని భాగ్యం. కోరంగి ఓడలు కట్టటానికి ఎంత ప్రసిద్ధమో, దెబ్బతిన్న ఓడలను బాగుచెయ్యటానికీ అంత ప్రసిద్ధం. 1802 ప్రాంతంలో యుద్ధనౌకలను సైతం మరమ్మతు చెయ్యటానికి అక్కడ డాక్ కట్టారు. బర్మా వెళ్ళిన మన తెలుగు కూలీలందరినీ అక్కడివారు కోరంగీలు అని పిలిచారంటే ఆ రేవు పేరు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి సముద్రం పొంగి ఊరిని తుడిచిపెట్టింది. నది మేట వేసింది, పొగ ఓడలొచ్చాయి, రేవు తగ్గిపోయింది. పక్కనున్న తాళ్ళరేవులో చెక్క ఓడల పని ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా సాగింది.

ఆ ఓడల తాళ్ళు చాలావరకు కొబ్బరి పీచువే. ఉప్పునీటికి తట్టుకునే గుణం పీచుకు వున్నది. దానికి మరొక గుణం కూడా వున్నది. మాలో ఒకరి మామగారు కాకినాడ వాస్తవ్యులు, పిల్లలను చూడటానికి ఇక్కడికి వచ్చినప్పుడు రేవులో పడవలు చూస్తూ అన్నారు: "ఏవండీ డాక్టరుగారూ, మా తాడు తెగేముందు చెప్పేదండి. పీచు లేచేది, పురి విడేది, చేత్తో తడిమితే గుచ్చుకునేది. మీ ఈ ఇనుప తీగ తెగేదాకా నవ్వుతూనే వుంటదండి." ఈ విషయంమీద మేము చదివిన ఇంజనీరింగు పుస్తకాలు పేజీలకొద్దీ చెప్పింది ఆయన ఒక్క ముక్కలో చెప్పారు.

బోస్టన్‌లో ఒక పాత ఓడ

బోస్టన్ వెళ్ళిన మన కుటుంబాలు చాలావరకు కాన్‌స్టిట్యూషన్ అనే యుద్ధనౌకను చూసే వుంటాయి. 1797 అక్టోబరు 21న నీళ్ళలోకి దిగిన ఆ ఓడ నేటికీ తేలుతూ వున్నది. పిల్లలకు ఫిరంగులు చూపించి వచ్చేస్తాం గాని, మన వ్యాసానికి కావలసింది ఆ ఓడ గెలిచిన మొదటి పెద్ద యుద్ధం తరువాత జరిగిన విచారణ.

1812 ఆగస్టు 19న కాన్‌స్టిట్యూషన్ బ్రిటిష్ వారి గెరియేర్ అనే నౌకను ఎదిరించింది. అరగంట పైచిలుకు కాల్పుల్లో గెరియేర్ మూడు కొయ్యలూ ఒకదాని వెంట ఒకటి కూలాయి. కొయ్యలు లేని ఓడ చుక్కాని మాట వినదు. కప్తాను డేకర్స్ లొంగిపోయాడు. ఓడ పోగొట్టుకున్నందుకు అదే సంవత్సరం హాలిఫాక్స్‌లో ఆయనమీద సైనిక విచారణ జరిగింది. అమెరికన్ గుళ్ళకంటె ఆ కొయ్యల శిథిలస్థితే అవి కూలటానికి ఎక్కువ కారణమని న్యాయస్థానం తేల్చి ఆయన్ను నిర్దోషిగా వదిలిపెట్టింది. ఓడిన పక్షం చెప్పుకున్న సాకు అని కొట్టిపారేసేవారూ లేకపోలేదు. సాకే అనుకున్నా, ఆ మాట న్యాయస్థానంలో చెల్లిందంటే నావికులందరికీ అది నమ్మదగ్గ సంగతే అన్నమాట.

అదే సంవత్సరం డిసెంబరు 29న బ్రెజిల్ తీరంలో కాన్‌స్టిట్యూషన్ మరొక బ్రిటిష్ నౌకను ఓడించింది. దాని పేరు జావా. అది బొంబాయికి పోతున్నది. బొంబాయి రేవులో కడుతున్న కార్న్‌వాలిస్ అనే నౌకకు కావలసిన రాగిరేకులు అందులో వున్నాయి, హిస్లప్ అనే సేనాని కూడా వున్నాడు. ఆయనే తరువాత 1817లో మెహిద్‌పూరు దగ్గర మరాఠా సైన్యాన్ని ఓడించినవాడు. అమెరికా చరిత్ర వేరు, మన చరిత్ర వేరు అని మనం గిరి గీసుకున్నా, సముద్రం మీద ఆ గిరి నిలవదు.

ఇంత పేరున్న ఓడను కూడా 1830లో పాతబడిపోయిందని విప్పేస్తారన్న వార్త వచ్చింది. అది చదివి ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే ఇరవైయొక్కేళ్ళ కుర్రవాడు 'ఓల్డ్ ఐరన్‌సైడ్స్' అనే పద్యం రాసి బోస్టన్ పత్రికకు పంపాడు. దేశమంతా ఆ పద్యం చదివింది, ఓడ బతికింది. ఆ కుర్రవాడే తరువాత వైద్యుడై, బాలింత జ్వరం వైద్యుల చేతులద్వారా అంటుకుంటుందని 1843లో రాసి సాటి వైద్యుల చేత తిట్లు తిన్నాడు. కంటికి కనిపించని దోషాన్ని వెతకాలని చెప్పినవాడు, పాత ఓడను బాగుచేసి వాడుకోవాలని చెప్పినవాడు ఒకరే కావటం మా వృత్తివారికి గర్వకారణం.

పద్యం ఓడను కాపాడింది గాని, ఓడను నిలబెట్టింది పనివాళ్ళు. 1833లో చార్ల్స్‌టౌన్‌లో మొదటి డ్రై డాక్ తెరిచినప్పుడు అందులోకి మొదట వెళ్ళింది ఈ ఓడే. 2015 నుంచి 2017 వరకు మళ్ళీ అదే డాక్‌లో మరమ్మతు చేశారు. ఆ మధ్యకాలంలో కొయ్యలు మారాయి, మోకులు మారాయి, పలకలు మారాయి. ఇవాళ ఆ ఓడలో మొదటినాటి కలప పదోవంతు కాస్త పైన మాత్రమే మిగిలింది. ముందు ముందు పలకలు కావాలని ఇండియానాలో నౌకాదళం వారు 1976లో తెల్ల ఓక్ చెట్ల తోపునే ప్రత్యేకించారు. ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరు ప్రతి ముడినీ, ప్రతి పట్టీనీ చూస్తూ వచ్చారు. ఆ ఓడ వయస్సు అంటే వాళ్ళు చూసిన సంవత్సరాల లెక్కే.

తాడు పోయి తీగ వచ్చింది

తాడు స్థానంలో తీగను తెచ్చినవాళ్ళు నావికులు కాదు, గని పనివాళ్ళు. 1834లో జర్మనీలో హార్జ్ కొండల గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలు పేని తాడు చేశాడు. అమెరికాలో దాన్ని నిలబెట్టినవాడు జాన్ రోబ్లింగ్, మనలాగే వలస వచ్చిన ఇంజనీరు. 1841లో పెన్సిల్వేనియాలోని సాక్సన్‌బర్గ్ అనే పల్లెటూళ్ళో తన పొలంలోనే తీగ తాళ్ళు పేనించాడు. ఆ విద్యే చివరికి 1883లో బ్రూక్లిన్ వంతెన అయింది.

ఆ వంతెన కట్టేటప్పుడే తీగలోని అసలు చిక్కు బయటపడింది. తీగ సరఫరా చేసే హెయిగ్ అనే వర్తకుడు పరీక్షకు మంచి తీగ చూపించి, ముద్ర వేయించుకుని, దారిలో బండి మార్చి నాసిరకం తీగ పంపేవాడు. 1878లో మోసం దొరికింది. అప్పటికే చాలా తీగ వంతెన ఎక్కింది, తియ్యటానికి వీలులేదు. ఒక్కొక్క మోకులో 150 తీగలు అదనంగా వేయించి గండం గడిపారు. నాసి తాడును పల్లెకారు చూపుతోనే పట్టేస్తాడు. నాసి ఉక్కును చూపుతో పట్టటం ఇంజనీర్లకే సాధ్యం కాలేదు.

ఉక్కుకు తుప్పు అనే జబ్బు పోగొట్టాలని చూసినవాళ్ళలో ఇంగ్లండులో షెఫీల్డ్ వాస్తవ్యుడు హారీ బ్రేర్లీ ఒకడు. 1913లో క్రోమియం కలిపిన ఉక్కు పోతపోశాడు. తరువాత వచ్చిన రకాల్లో నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ వున్నది మన వంటింటి గిన్నెల్లో వున్నదే. దానికి రెండు మూడు పాళ్ళు మాలిబ్డినం చేర్చితే 316 రకం. పడవల్లో వాడేది అదే, విరిగిన ఎముకకు మేము బిగించే పట్టీల్లో చాలాకాలంగా వాడుతున్నదీ ఆ రకమే.

తళతళలాడే ఈ ఉక్కుకు రక్ష దానిమీద వుండే అతి సన్నని క్రోమియం ఆక్సైడు పొర. గీత పడితే ఆ పొర తనంత తానే మళ్ళీ అల్లుకుంటుంది, కాని అందుకు ఆక్సిజను కావాలి. పట్టీ డెక్కులోంచి కిందికి దిగే చోట సందులో ఉప్పునీరు నిలిచి, గాలి ఆడకపోతే పొర అల్లుకోదు. అక్కడ ఉక్కు లోలోపల తినుకుపోతుంది. పైభాగం అద్దంలా మెరుస్తూనే వుంటుంది. ఎముక పట్టీలో స్క్రూ తలకింద జరిగేదీ అదే. దీనికి తోడు అలసట. గాలి విసురుకొక్కసారి లాగుడు, వదులు. ఒక్కసారి లాగితే విరగని లోహం లక్షల సార్లు లాగితే విరుగుతుందని ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద పరీక్షలు చేసి 1860లలోనే చూపించాడు. మారథాన్ పరుగెత్తేవాళ్ళ కాలి ఎముకలో పడే సన్న పగులు ఈ జాతిదే.

పగులును ఎలా పట్టాలి?

1959లో న్యూయార్కు ప్రదర్శనకు పియర్సన్ దాయాదులు ట్రైటన్ అనే ఫైబర్‌గ్లాస్ పడవ తెచ్చారు. ఆ తరువాత ఇరవై ముప్పై ఏళ్ళలో అలాంటి పడవలు వేలకొద్దీ తయారయ్యాయి. ఫైబర్‌గ్లాస్ కుళ్ళదు, తుప్పు పట్టదు. అందువల్ల ఆ పడవలు ఇవాళ చవగ్గా దొరుకుతున్నాయి. ఒళ్ళు చెక్కుచెదరలేదు గాని, కీళ్ళు మాత్రం పాతవే.

చెసపీక్ అఖాతం పక్కన మేము మూడు కుటుంబాల వాళ్ళం కలిసి అలాంటి ముప్పై అడుగుల పడవ ఒకటి కొనుక్కున్నాం. తీగలు బిగించే పనివాడు ఒకాయన వచ్చి ముందు చేసిన పని, పడవ లోపల బీరువా చెక్కలు ఊడదీయటం. పట్టీ పక్కనున్న ప్లైవుడ్ మీద గోధుమరంగు చార వున్నది. "నీరు కారిందంటే సందులో నిలిచిందన్నమాటే" అని బోల్టులు విప్పి పట్టీ బయటికి తీశాడు. కంటికి మచ్చ లేదు. అప్పుడు పరీక్ష మొదలుపెట్టాడు.

ఆ పరీక్ష వైద్యులకు చాలా పరిచయమైనది. కంటి నల్లగుడ్డుమీద పుండు కనిపించకపోతే ఫ్లోరెసీన్ చుక్క వేసి చూస్తాం కదా, ఇదీ అంతే. పట్టీని శుభ్రంగా తుడిచి ఎర్రటి పలచని రంగుద్రవం పూస్తారు. పది నిమిషాలో అరగంటో ఆగితే ఎంత సన్న పగులులోకైనా అది ఇంకుతుంది. పైన వున్న రంగంతా తుడిచి తెల్లని పొడి చల్లుతారు. పగులు వుంటే లోపల దాగిన ఎరుపు మెల్లగా పొడిమీదికి పాకి గీతలా బయటపడుతుంది. మా పట్టీలో బోల్టు కన్నం అంచునుంచి పక్కకు, అంగుళంలో మూడోవంతు గీత వచ్చింది. దానిమీద మా పిల్లలు ఆరుగురు కూర్చుని తిరిగే పడవ బరువు ఆధారపడి వుండబోతున్నది. ఆ గీత చూసి ముగ్గురం కాసేపు మాట్లాడలేదు.

ఈ పరీక్షకూ ఒక చరిత్ర వున్నది. పందొమ్మిదో శతాబ్దపు చివర రైలు కార్ఖానాల్లో ఇరుసులకు నూనె పట్టించి, తుడిచి, సుద్ద పూసేవారు. పగుల్లోంచి నూనె ఊరి సుద్దమీద మరక పడేది. చీకట్లో వెలిగే రంగుతో అదే పని చెయ్యవచ్చని రాబర్ట్ స్విట్జర్, జోసెఫ్ స్విట్జర్ అనే కాలిఫోర్నియా సోదరులు కనిపెట్టారు. 1940ల మొదట్లో అది విమాన భాగాల పరీక్షకు వచ్చింది. రాబర్ట్ వైద్యుడు కావాలనుకున్నవాడు. 1933లో తలకు దెబ్బ తగిలి, చూపు కోసం నెలల తరబడి చీకటి గదిలో వుండవలసి వచ్చింది. ఆ కాలంలోనే వెలిగే రంగులమీద అతనికి ధ్యాస పుట్టింది.

పాత పడవ వున్నవాళ్ళు గాని, కొనబోయేవాళ్ళు గాని గుర్తుంచుకోవలసినవి నాలుగు మాటలు. తీగ చివర లోహపు గొట్టంలోకి అదిమిన చోట నిలువు పగుళ్ళు వస్తాయి, భూతద్దంతో చూడాలి. దూది ఒకటి తీగ పొడవునా జార్చుకుంటూ పోతే తెగిన పోగు వున్నచోట చిక్కుకుంటుంది. వట్టి చేత్తో మాత్రం తడమకూడదు. సందులోంచి తుప్పు కన్నీరులా కారితే ఆ భాగం విప్పి చూడాలి. పగిలిన పట్టీని అతికించి మళ్ళీ వాడటం తగదు, అదే కొలతకు, వీలైతే కాస్త మందంగా కొత్తది చేయించి, దాని సందు నీరు దిగకుండా మూయాలి. సముద్రపు నీళ్ళలో తిరిగే తీగలను పది పదిహేనేళ్ళకొకసారి మార్చటం ఇక్కడి ఆనవాయితీ. మా పనివాడు రెండోవైపు పట్టీ కూడా మార్పించాడు, అది పరీక్షలో నెగ్గినా సరే. రెండూ ఒకేనాడు పుట్టినవి, ఒకే ఉప్పు తిన్నవి అని ఆయన వాదన.

చూడకపోతే

2023 అక్టోబరులో మెయిన్ రాష్ట్రంలో రాక్‌లండ్ దగ్గర గ్రేస్ బెయిలీ అనే ప్రయాణీకుల తెరచాప ఓడ తిరిగివస్తుండగా పెద్ద కొయ్య విరిగి డెక్కుమీద పడింది. ఒక ప్రయాణీకురాలు మరణించింది, మరి ముగ్గురు గాయపడ్డారు. ఆ ఓడ 1882లో కట్టినది. తుఫాను లేదు. కొయ్య లోపల కుళ్ళిపోయి వున్నది.

అన్నింటికీ పగులే కారణమనీ అనటానికి వీల్లేదు. 2018 సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రం దక్షిణాన ఒంటరిగా ప్రపంచం చుట్టివస్తున్న కేరళ నావికాధికారి అభిలాష్ టోమీ పడవ పెనుతుఫానులో బోర్లాపడి కొయ్యలు విరిగాయి, ఆయన వెన్నెముకకు దెబ్బ తగిలింది. మూడు రోజుల తరువాత ఫ్రెంచి ఓడ వచ్చి రక్షించింది. అంత గాలికి ఏ పట్టీ అయినా ఏం చేస్తుంది? తుఫాను మన చేతిలో లేదు. పగులును వెతకటం మన చేతిలో వున్నది.

అంతకు కొన్ని నెలల ముందే తారిణి అనే తెరచాప నౌకలో ఆరుగురు భారత నౌకాదళ యువతులు ప్రపంచం చుట్టి వచ్చారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న తిరిగి చేరారు. వారిలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువాళ్ళు. చివరి అంకంలో, ఇల్లు దగ్గరపడిన తరువాత, చుక్కాని యంత్రం దెబ్బతింటే అలాగే ముందుకు పోకుండా మారిషస్‌లో ఆగి బాగుచేసుకుని మరీ వచ్చారు. కేప్ హార్న్ దాటటం ఎంత గొప్పో, ఈ ఆగటమూ అంత గొప్పే అని మాకు అనిపిస్తుంది.

కోరంగి ఇవాళ మడ అడవుల అభయారణ్యం. బోస్టన్ ఓడకు చుట్టూ చూసేవాళ్ళు మిగిలారు, ఓడ మిగిలింది. మన ఓడలు పోయాయి సరే, వాటిని బాగుచేసిన చేతుల మాటలైనా పోకుండా చూసుకోవచ్చు. కలపాతు, మోకు, చుక్కాని, సరంగు వంటివి నలుగురికీ తెలుసు. దిమ్మకూ, పట్టీకీ, పిన్నుకూ తాళ్ళరేవు వడ్రంగి, కమ్మరి ఏమనేవారో చెప్పగల పెద్దలు గోదావరి జిల్లాల్లో మనవాళ్ళ ఇళ్ళల్లోనే వుంటారు. ఈసారి ఇండియాకు ఫోను చేసినప్పుడు తాతగారినో, అమ్మమ్మగారినో అడిగి, విన్న మాటలు విన్నట్లు రాసి సంఘానికి పంపండి. అన్నీ కూర్చి ఈ పుటల్లోనే అచ్చువేద్దాం.